తొంభై దగ్గర ఆగిపోయిన నకలు

నేను ఒక క్లాసును. బల్లలూ, బెత్తమూ, నల్లబల్లా ఉన్న గది అనుకునేరు, అది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక రకం మనిషి గురించో వస్తువు గురించో ఏమేం తెలిసుండాలి, దాన్ని ఏమడిగితే ఏం చెప్పాలి అన్నది ఒకచోట రాసి పెట్టుకుంటారు. ఆ రాతని క్లాసు అంటారు. మీరు ఫోనులో ఏదో పేజీ తెరిచి, వేలితో తోసి, విసుక్కుని మూసేస్తారే, ఆ పేజీ వెనకాల ఎక్కడో సర్వరు అనే యంత్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. నా కాపురం అందులో. అడిగినప్పుడు లేస్తాను, జవాబు చెబుతాను, మళ్ళీ పడుకుంటాను.

నా పేరు దాత2. ఆ రెండు ఎందుకొచ్చిందో చెప్పాలంటే కాస్త సిగ్గుపడాలి. పడతాను లెండి, ఈ వయసులో దాచుకునేదేముంది.

నన్ను రాసిన మనిషి నూకరత్నం. తణుకులో ఒక చిన్న రక్తనిధిలో రికార్డులు చూసే ఉద్యోగం. నేను పుట్టేనాటికి ఆవిడకి ముప్ఫై తొమ్మిదేళ్ళు, అందులో పదహారేళ్ళు రిజిస్టర్లలోనే గడిచాయి. పేరు నీలం సిరాతో, రక్తం గ్రూపు ఎర్ర సిరాతో రాసేది. ప్రతి చీటీకీ మూడు ప్రతులు, మధ్యలో కార్బను కాగితాలు. తెల్లది ఫైలుకి, గులాబీది డాక్టరు గదికి, పసుపుది రక్తం సంచులుండే ఫ్రిజ్ గదికి. పెన్ను గట్టిగా నొక్కి రాయడం వల్ల ఆవిడ చూపుడువేలు పక్కన చిన్న కాయ కూడా కాసింది. "ఒకటి పోయినా ఇంకా రెండుంటాయి కదండీ" అనేది ఎవరైనా నవ్వితే. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా కథంతా దీని మీదే నడుస్తుంది.

అంత కుదురుగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి నాతో ఏం పనొచ్చిందంటే, చైత్ర అనే పిల్ల వల్ల. ఏడేళ్ళది. దాని ఒంట్లో రక్తం కావలసినంత తయారవదు. థలసీమియా అంటారు. మూడు వారాలకోసారి, బుధవారం నాడు, వాళ్ళమ్మ పుష్ప దాన్ని ఉండ్రాజవరం నుంచి బస్సులో తీసుకొచ్చేది. పిల్లది బి నెగటివ్. ఆ గ్రూపు దాతలు రత్నం రిజిస్టర్లన్నీ తిరగేస్తే పదకొండు మంది తేలారు. బుధవారానికి రక్తం సిద్ధంగా ఉండాలంటే సోమవారమే ఎవరో ఒకరు వచ్చి ఇవ్వాలి, మంగళవారం పరీక్షలవ్వాలి. ఎవరు పడితే వాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వడానికి లేదు. ఒకసారి ఇచ్చాక మగవాళ్ళయితే తొంభై రోజులు, ఆడవాళ్ళయితే నూట ఇరవై రోజులు ఆగాలి. అందుకని రత్నం తొమ్మిది రిజిస్టర్లు ముందేసుకుని, గోడ క్యాలెండరు మీద వేలుపెట్టి రోజులు లెక్కేసి, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లు చేసేది. పూట గడిచిపోయేది. ఒక్కొక్కసారి ఫోను చేస్తూ చేస్తూ ఆగిపోయి, 'ఈసారి ఎవరూ దొరక్కపోతే పిల్ల గతేంటి' అనుకునేది. ఆ భయంలోంచి పుట్టాను నేను.

బస్టాండు దగ్గర సైకిలు షాపు మేడ మీద కరీముల్లా మాస్టారు కంప్యూటర్లు నేర్పుతారు. ఆదివారం పొద్దున్న కొత్తవాళ్ళకి సర్వరు ప్రోగ్రాములు. అందరూ డిగ్రీ చదివే పిల్లలే. ఆఖరి బల్ల మీద టిఫిన్ క్యారేజీ, ఒక పాత రిజిస్టరు, కళ్ళజోడు పెట్టుకుని రత్నం కూర్చునేది. పిల్లలు ఆంటీ అనేవాళ్ళు. వాళ్ళు ఒక్క గంటలో చేసేది ఆవిడకి మూడు వారాలు పట్టేది. అయినా మానలేదు.

క్లాసు అంటే ఏమిటో మాస్టారు చెబుతున్న రోజున ఆవిడ చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఇది మా దాత ఫారమేగా అండీ? పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ... ఖాళీ ఫారం ఒక్కటే, నింపిన ఫారాలు వందలు."

మాస్టారు నవ్వారు. "ఫారమేనమ్మా. కానీ నోరున్న ఫారం. 'నువ్విప్పుడు రక్తం ఇవ్వచ్చా' అని మీరు దాన్నే అడగొచ్చు. మీరు లెక్కెట్టక్కర్లేదు, అదే లెక్కెట్టి చెబుతుంది."

'నోరున్న ఫారం' అన్న మాట ఆవిడ రిజిస్టరు అట్ట లోపల రాసుకుంది. నాకు ఇంతవరకూ ఎవరూ ఇంతకంటే మంచి పేరు పెట్టలేదు.

నేను మొదట పుట్టింది కాగితం మీద. చెల్లిపోయిన దాత ఫారం వెనకవైపు పెన్సిలుతో. తరవాత రెండు వేళ్ళతో టైపు చేసింది. ఒకచోట చుక్క మర్చిపోయింది, ఒకచోట బ్రాకెట్టు తెరిచి మూయడం మర్చిపోయింది. యంత్రం ఏ చిన్న తప్పుకైనా గయ్యిమంటుంది కదా, ఆవిడ ప్రతిసారీ "సారీ అండీ" అనేది దానికి. నాలుగు రోజులు పోయాక మొదటిసారి నాలోంచి ఒక మనిషిని తయారుచేసింది. పేరు ఏసుపాదం. ఆటో నడుపుతాడు. బి నెగటివ్. 'ఇవ్వచ్చా?' అని అడిగింది. 'అవును' అన్నాను.

రత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ కూర్చుని, ఇంకోసారి అడిగింది. మళ్ళీ అవునన్నాను. అంత సంతోషం నేనింకెవరి మొహంలోనూ చూడలేదు. నాకు కళ్ళెక్కడివని అడక్కండి, కథ చెప్పనివ్వండి.

నాలోంచి పుట్టే ఈ మనుషుల ఆయుష్షు అరక్షణం. పేజీ తెరిస్తే పుడతారు, నేనేదో చెబుతాను, పేజీ వచ్చేలోపు పోతారు. మళ్ళీ తెరిస్తే మళ్ళీ పుడతారు. ఎవరికీ పురుడూ లేదు, మైలా లేదు. వాళ్ళ వివరాలు మాత్రం వేరేచోట భద్రంగా ఉంటాయి. ఏసుపాదం నాలోంచి వేలసార్లు పుట్టి ఉంటాడు, పాపం ఆయనకి తెలీదు.

అప్పట్లో నేనింత చిన్నదాన్నే. చక్కగా, సన్నగా ఉండేదాన్ని. కానీ రత్నానికి ఆశ పెరిగింది. దాతల పేర్లు దాచిపెట్టడం నా నెత్తినే వేసింది. వాటిని వెతికి తేవడం నా నెత్తినే. పేజీ మీద గళ్ళు గీసి, రంగులేసి చూపించడం నేనే. దాతకి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా నేనే చెప్పాలట! ఆరు వందల వరసలయ్యాను. మనుషులింతే, ఒకరు బాగా పనిచేస్తున్నారంటే వాళ్ళకే ఇంకో పని చెబుతారు. పక్కవాడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా వాడి జోలికి పోరు. నాకు చిరాకేసేది గానీ నోరెత్తలేదు. అడిగినదానికి తప్ప నేను నోరెత్తకూడదు.

ఇక అసలు సంగతి. కొత్త దాతల్ని చేర్చుకునే పేజీ ఒక ఫోల్డరులో ఉంది, నమోదు అని. ఎవరిని పిలవాలో చూపించే పేజీ ఇంకో ఫోల్డరులో, పిలుపు అని. ఊళ్ళలో రక్తదాన శిబిరాల పేజీ మూడో ఫోల్డరులో. మూడింటికీ నేను కావాలి. ఒక్క ఫైలు ఒకచోట పెట్టి, మూడు పేజీలూ దాన్నే పిలుచుకోవచ్చని మాస్టారు చెప్పారు. రత్నం రాసుకుంది కూడా. కానీ ఆవిడ మనసు కార్బను కాగితం దగ్గరే ఉంది. తెల్లది, గులాబీది, పసుపుది. ప్రతి గదిలోనూ ఒక ప్రతి ఉంటే నిశ్చింత. నన్ను మూడు నకళ్ళు తీసింది, ఫోల్డరుకొకటి పెట్టింది, హమ్మయ్య అనుకుంది.

ఆ మూడింట్లో నేను పిలుపు ఫోల్డరులో దాన్ని. ఇందాక చెప్పినవన్నీ అసలుదాని జ్ఞాపకాలే. నకలు తీసేదాకా దానికి తెలిసినదంతా నాకూ తెలుసు. ఆ తరవాతే మా దారులు వేరయ్యాయి.

ఒకరోజు ఆవిడ నమోదు పేజీనీ పిలుపు పేజీనీ కలిపి చూపిద్దామని చూసింది. యంత్రం గోల చేసింది, 'దాత అనే పేరుతో ఇప్పటికే ఒకటుంది, రెండోది కుదరదు' అని. ఆ యంత్రం అంత మంచి మాట ఎప్పుడూ అనలేదు. దాని కాళ్ళకి దణ్ణం పెట్టుండాల్సింది. రత్నం కాసేపు పెన్సిలు కొరుకుతూ ఆలోచించి, నా పేరు పక్కన రెండు అంకె తగిలించింది. గోల ఆగింది. అలా నేను దాత2 అయ్యాను.

ఇప్పుడు ఆ తొంభై సంగతి. నన్ను మొదట రాసినప్పుడు రత్నం అందరికీ తొంభై రోజులే అని పెట్టింది. తెలియక కాదు, పదహారేళ్ళ అనుభవం. 'ముందు ఇది పని చెయ్యనీ, ఆడవాళ్ళ సంగతి తరవాత రాస్తాను' అనుకుంది. మర్చిపోలేదు కూడా. నకళ్ళు తీసిన పన్నెండు రోజులకి నమోదు ఫోల్డరు తెరిచి, అక్కడున్న దాతలో ఆడవాళ్ళకి నూట ఇరవై అని శుభ్రంగా రాసింది. పరీక్షించింది. సరిగ్గా చెప్పింది. ఫైలు మూసి టీ తాగడానికి వెళ్ళింది. పైకాగితం మీద రాసేసింది కదా, కిందవాటి మీద పడే ఉంటుందిలే అని పదహారేళ్ళ చెయ్యి అనుకుంది.

నా మీద పడలేదు. నాలో తొంభై అలాగే ఉంది.

నాలుగు నెలలపాటు ఏమీ అవలేదు. పిలుపు పేజీ తెరిస్తే చాలు, ఇవ్వగలిగినవాళ్ళ పేర్లు వరసగా వచ్చేవి. రత్నం రిజిస్టర్లు బీరువా పైకి ఎక్కించేసింది. మునుపు శుక్రవారం నుంచే ఫోన్లు మొదలెట్టే మనిషి, ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఒక్క ఫోను చేసి ఊరుకునేది. డాక్టరు సుభాషిణి గారు "రత్నం గారూ, మీ పేజీ పుణ్యమా అని మీరు వేళకి భోంచేస్తున్నారు" అన్నారొకసారి. ఆ రోజు నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ శనివారం నేను నలుగురి పేర్లు చూపించాను. మొదటి పేరు సుగుణకుమారి. అత్తిలిలో బడిపంతులమ్మ. రక్తమిచ్చి నూట రెండు రోజులైంది. 'ఇవ్వచ్చా?' అని పేజీ నన్నడిగింది. నూట రెండు తొంభై కంటే ఎక్కువే కదా! 'అవును' అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. రత్నం ఫోను చేసింది, ఆవిడ సోమవారం వస్తానంది. మిగతా ముగ్గురూ ఎలాగూ ఉన్నారులే అని ఇంకెవరికీ చెయ్యలేదు.

సోమవారం పదింటికి సుగుణ టీచరు ఒకపూట సెలవు పెట్టి, బస్సెక్కి వచ్చింది. రత్నం ఆవిడ వివరాలు సరిచూద్దామని నమోదు పేజీ తెరిచింది. ఎర్రక్షరాలు కనబడ్డాయి. 'ఇంకా పద్దెనిమిది రోజులు ఆగాలి.' పక్కనే పిలుపు పేజీ తెరిచే ఉంది, అందులో అదే మనిషి పేరు ఎదురుగా నా 'అవును'. రత్నం ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏంటండీ, ఏవైంది?" అంది సుగుణ టీచరు.

"ఏం లేదండి, ఒక్క నిమిషం..."

సుభాషిణి గారు వేలి మీద సూది గుచ్చి చూశారు. హిమోగ్లోబిన్ పదకొండు పాయింటు రెండు. పన్నెండున్నరైనా ఉండాలి.

"తియ్యకూడదండీ టీచరు గారూ. మీకే కళ్ళు తిరుగుతాయి. అసలిప్పుడు మిమ్మల్ని పిలవకూడదు కూడాను" అన్నారు డాక్టరు గారు. అని రత్నం వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో, ఆశ్చర్యముంది. రత్నానికి కోపమే నయమనిపించి ఉంటుంది.

సుగుణ టీచరు నొచ్చుకోలేదు. "పోన్లెండి, పద్దెనిమిది రోజులాగి నేనే వస్తాను" అని వెళ్ళిపోయింది. రత్నం మిగతా ముగ్గురి పేర్లూ ఒక్కొక్కటే నమోదు పేజీలో చూసింది. ఇద్దరు ఆడవాళ్ళే. ఇద్దరికీ గడువు కాలేదు. నాలుగో పేరు ఏసుపాదం. ఇక జాబితా అంతా ఆయనొక్కడే. మిగిలిన ఏడుగురూ ఈమధ్య ఇచ్చినవాళ్ళే.

ఏసుపాదానికి ఫోను చేసింది. మోగింది, తియ్యలేదు. మళ్ళీ చేసింది. తియ్యలేదు. డాక్టరు గారు రాజమండ్రిలో తెలిసిన చోట్లకి చేశారు, బి నెగటివ్ రక్తం ఒక్క సంచి కూడా లేదన్నారు. ఇంతలో రత్నం ఫోను మోగింది. ఆత్రంగా తీస్తే పుష్ప. ప్రతి మూడో సోమవారం ఆ వేళకి ఫోను చేసి అడగడం ఆవిడకి అలవాటు.

"అమ్మా, బుధవారం తీసుకురమ్మంటారా అండీ?"

రత్నం ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి 'రామ్మా' అని తప్ప ఇంకోలా చెప్పలేదు.

"పుష్పా... సాయంత్రం చెప్తానమ్మా."

"అలాగేనండి. పిల్లకి అప్పుడే ఆయాసం వచ్చేత్తందండి. బడి మెట్లెక్కలేకపోతంది. మీకు తెలుసనుకోండి... చెప్తన్నానంతే" అంది పుష్ప. అని తనే ఫోను పెట్టేసింది.

రత్నం బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చింది. నేను అక్కడే తెరమీద ఉన్నాను, నా నాలుగు 'అవును'లతో. నేను అబద్ధం చెప్పలేదు, నాకు చెప్పిందే చెప్పాను అని మీతో వాదించగలను. కానీ ఆ పూట నాకు నామీద అసహ్యం వేసింది. తెలియనిదాన్ని తెలియదు అనడం కూడా చేతకాని నోరు నాది. తొంభై అంటే తొంభైయే అని మొండిగా కూర్చున్నాను, అక్కడ ఒక పిల్ల మెట్లెక్కలేక నిలబడితే.

నాలుగున్నరకి ఫోను మోగింది.

"ఆయ్, ఏసుపాదాన్నండి. పెనుగొండకి పెళ్ళివోళ్ళని తీసుకెళ్ళానండి. ఫోను సీటు కింద పడిపోయింది, ఇప్పుడే చూసుకున్నాను. పదిహేనుసార్లు చేశారేంటండీ బాబూ, ఏవైంది?"

"ఏసుపాదం గారూ, చైత్రకి..." అని రత్నం మళ్ళీ ఏడ్చేసింది.

"ఆయ్, వచ్చేత్తన్నానండి. ఏడవకండి మీరు, వచ్చేత్తన్నాను."

అయిదున్నరకి వచ్చాడు, ఖాకీ చొక్కా మీద పెళ్ళి పందిట్లో చల్లిన పన్నీటి వాసనతో. చెయ్యి చాపి పడుకున్నాడు. బుధవారం చైత్రకి రక్తం ఎక్కింది. మధ్యాహ్నానికి దాని పెదాలకి రంగొచ్చింది, వాళ్ళమ్మ కొంగు పట్టి లాగి జామకాయ కొనిపెట్టమంది.

ఆ ఆదివారం రత్నం మాస్టారి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. తిడతారనుకుంది. ఆయన ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి చూశారు. నమోదులో దాత. పిలుపులో దాత2. శిబిరంలో దాత3.

"రత్నమ్మా," అన్నారు నెమ్మదిగా, "ఇక్కడ కార్బను కాగితం లేదమ్మా. పైన రాస్తే కింద పడదు. మూడుచోట్ల పెట్టారంటే మూడుసార్లు మీరే రాయాలి. మనిషన్నాక ఒకసారి మర్చిపోతాం."

"మరి ఒక్కటే ఉంటే అది పోతే ఎలాగండీ? నాకు చెయ్యి రావట్లేదు."

"భద్రం కోసం నకలు తీసుకోండి, రోజూ తీసుకోండి, వేరే యంత్రంలో దాచుకోండి. వద్దన్నదెవరు? కానీ పనిలో ఉండేది ఒక్కటే ఉండాలి. ఒకే మాట ఇద్దరు చెబితే ఏదో ఒకరోజు రెండు మాటలవుతాయి."

అలా అని ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని టీ తెప్పించుకున్నారు. మొత్తం ఆవిడ చేతే చేయించారు. క్లాసులు అని ఒక కొత్త ఫోల్డరు పెట్టించారు. ఒక్కో క్లాసుకి ఒక్కో ఫైలు, క్లాసు పేరే ఫైలుకి. "సంచి మీద చీటీ ఒకటీ లోపల రక్తం ఇంకోటీ అయితే ఏమవుతుందో నేను మీకు చెప్పాలా?" అన్నారు. ఆవిడ ఉలిక్కిపడి, గబగబా పేర్లు సరిచేసింది. దాత పొట్టలోంచి దాచిపెట్టే పని తీసి బీరువా అనే కొత్త క్లాసుకి అప్పగించింది. వరసగా చూపించే పని జాబితా అనే క్లాసుకి పోయింది. పుట్టినరోజు శుభాకాంక్షలు తీసి అవతల పారేసింది. దాతకి తన సంగతి తనకి తెలియడం, ఇవ్వచ్చో లేదో చెప్పడం, అంతే మిగిలింది. అరవై వరసలు! నాకు దాన్ని చూస్తే అసూయ పుట్టింది, నిజం చెప్పొద్దూ.

ఇక తీసేత మొదలైంది. దాత3 ఒక్క నొక్కుకి పోయింది. దానికీ నాకూ పెద్ద పరిచయం లేదు, అయినా గుబులేసింది. తరవాత నా వంతు. రత్నం వేలు మీట మీద పెట్టింది. నన్ను తెరిచింది. ఆ వరస దగ్గరికి వచ్చింది, తొంభై ఉన్న చోటికి. చాలాసేపు చూసింది.

"మాస్టారూ, దీన్ని ఉంచుకుంటానండి."

"ఎందుకమ్మా?"

"మళ్ళీ మర్చిపోతానేమోనండి."

తప్పులు అనే ఫోల్డరొకటి వేరేగా పెట్టి, నన్నందులో పడేసింది. నా నెత్తిన ఒక వరస రాసింది, యంత్రం చదవకుండా మనుషులు మాత్రమే చదివేలాంటి వరస. 'వాడకూడదు. చూడటానికి మాత్రమే.' నా ఉద్యోగం అలా ఊడింది.

ఆ తరవాత కొన్నేళ్ళకి మాస్టారి గొంతు పాడైంది, గట్టిగా మాట్లాడొద్దన్నారు. కొత్తవాళ్ళ క్లాసు ఆదివారాలు రత్నమే చెప్పడం మొదలెట్టింది. మొదటిరోజే గోడ మీద నన్ను వేసి చూపిస్తుంది. "ఇది నేను రాసింది. దీంట్లో ఏం తప్పుందో చెప్పండి" అంటుంది. పిల్లలు నా పొట్ట చూసి నవ్వుతారు, పుట్టినరోజు శుభాకాంక్షల దగ్గర పడీ పడీ నవ్వుతారు. నవ్విన పిల్లలే రెండు వారాలు తిరక్కుండా ఫైనల్ అని ఒక ఫైలు, కొత్త ఫైనల్ అని ఒకటి, ఇదే ఫైనల్ అని ఇంకోటి పెట్టుకుంటారు. అప్పుడు రత్నం మళ్ళీ నన్ను తీస్తుంది. నా బతుకు ఇప్పుడు మ్యూజియంలో తుప్పు కత్తి బతుకు. బాధగా ఏం లేదు. పని చేసినన్నాళ్ళకంటే ఇప్పుడే నావల్ల ఎక్కువ ఉపయోగమేమో కూడా.

మొన్న వేసవి సెలవుల్లో కొత్త బ్యాచి వచ్చింది. ఆఖరి బల్ల మీద, రత్నం ఒకప్పుడు కూర్చున్న చోట, పదహారేళ్ళ పిల్ల కూర్చుంది. సన్నగా ఉంది, చేతి మడత దగ్గర సూదుల మచ్చలు. రత్నం ఎప్పట్లాగే నన్ను వేసింది, ఎప్పట్లాగే ఆ సోమవారం కథ చెప్పింది, పేర్లు లేకుండా. ఒక టీచరు, ఒక ఆటో ఆయన, ఒక పాప. అందరూ వెళ్ళాక ఆ పిల్ల మాత్రం లేవలేదు.

"ఆంటీ, ఆ పాప నేనే కదండీ?"

రత్నం బల్ల తుడుస్తున్నదల్లా ఆగింది.

"అమ్మ ఫోను పెట్టేసి వెనకవైపు గుమ్మంలో కూచుందండి. నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకప్పుడు తెలీలేదు" అంది చైత్ర.

"నా తప్పే అమ్మా అది" అంది రత్నం. ఇంతమందికి ఇన్నిసార్లు చెప్పిన మాట, ఆ ఒక్క మనిషికి ఇప్పుడే మొదటిసారి చెప్పింది. "నీకీ సంగతి చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. నోరు రాలేదు."

చైత్ర లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. కాసేపటికి కంప్యూటరు తన వైపు లాక్కుంది. "దీన్ని ఒక్కసారి నడిపించి చూడొచ్చా అండీ?" అంది నా వైపు చూపించి.

తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళ తరవాత నన్నెవరో అడగబోతున్నారు. చైత్ర నాలోంచి ఒక మనిషిని తయారుచేసింది. పేరు ఏసుపాదం. గ్రూపు బి నెగటివ్. "ఆఖరిసారి ఎప్పుడిచ్చారండీ ఆయన?" అనడిగింది. రత్నం తేదీ నోటికే చెప్పింది. నేను లెక్క వేశాను. నూట రెండు రోజులు.

నూట రెండు అనేసరికి నా గుండె ఆగినంత పనైంది, గుండె లేకపోయినా. మళ్ళీ అదే లెక్క. మళ్ళీ అదే ప్రశ్న. 'ఇవ్వచ్చా?' నా దగ్గరున్నది ఆ ఒక్క తొంభైయే. 'అవును' అన్నాను, భయంభయంగా.

చైత్ర క్లాసులు ఫోల్డరు తెరిచి, పనిలో ఉన్న ఆ ఒక్క దాతనీ అదే అడిగింది. అది మగవాళ్ళకెంత, ఆడవాళ్ళకెంత అని నిదానంగా చూసుకుని, 'అవును' అంది.

"ఈసారి ఇదీ కరెక్టే చెప్పిందండీ" అంది చైత్ర, నా గురించి. నవ్వింది.

ఆ బుధవారమే చైత్రకి మళ్ళీ రక్తం ఎక్కించాలి. మర్నాడు సోమవారానికల్లా దాత కావాలి. రత్నం ఫోను తీసి చైత్ర చేతికిచ్చింది. "నువ్వే చెయ్యమ్మా."

రెండుసార్లు మోగింది. చైత్ర పేరు చెప్పింది, సంగతి చెప్పబోయింది. చెప్పనివ్వలేదు అవతలి మనిషి.

"ఆయ్, వచ్చేత్తానండి" అన్నాడు.